పదిహేనో డిమాండు

అలా చూడకు అక్కా. అరిచానని ఎవరు చెప్పారు నీకు? గొంతు పెంచాను. అరవడం వేరు, గొంతు పెంచడం వేరు. గుసగుసలాడితే చరిత్రలో ఏ హక్కయినా వచ్చిందా?

సరే, సరే. చరిత్ర వద్దు. నీళ్ళు వేడిగా ఉన్నాయా? ఇంకో చెంబు పొయ్యనా? పాదాలు పూర్తిగా ముంచు. తెల్లవారకముందు నుంచీ ఆ ఓవెన్ల ముందు నిలబడి వచ్చిన మనిషివి. ఆ హెడ్‌మేడమ్‌కి ఇంట్లో ఫోన్ చేయడానికి ఏమైంది? నేరుగా బేకరీకే చేయాలా? పిండి చేతులతోనే ఎత్తావా? చూశావా, కష్టపడి పనిచేసే తల్లులంటే ఈ వ్యవస్థకి ఎంత...

ఆపాను. ఆపేశాను.

ఇంతకీ ఏమందావిడ? 'మీ చెల్లెలు సాయంత్రం మీతో మాట్లాడతారు' అందా? అంతేనా? ఇంకేమీ అనలేదా? ఒట్టు?

హమ్మయ్య.

కాదు, ఊరికే అన్నాను. హమ్మయ్య అనకూడదా మనిషి? మొదటి నుంచీ చెప్తాను, అడ్డు రాకు. కిటికీలోంచి ఆ సైకిల్ బెల్లు వినిపిస్తోందా? మన బుడంకాయే. వీధి ఆ చివర నుంచి ఈ చివరకి పదోసారి. దిగులుతో ఉన్న పిల్ల అలా బెల్లు కొట్టదు కదా. కాబట్టి నువ్వు కంగారు పడకుండా, పాదాలు బేసిన్‌లోంచి తీయకుండా, నన్ను వరసలో చెప్పనీ.

పోయిన శుక్రవారం వచ్చిన ఉత్తరం గుర్తుందా? గుర్తుండక! 'మీ అమ్మాయి మొదటి పీరియడ్ పరీక్షల్లో సగం కూడా రాయడం లేదు. వచ్చే నెల నుంచి సి సెక్షన్‌కి మారుస్తున్నాం.' రెండే ముక్కలు. కింద గుండ్రటి స్టాంపు. సి సెక్షన్ అంటే వెనకబడిన పిల్లలని వాళ్ళ లెక్క. అది రెండో అంతస్తులో ఉంది. నలభై నాలుగు మెట్లు, స్వయంగా ఎక్కి లెక్కపెట్టి వచ్చాను. మోకాళ్ళు వాచిన పిల్లని నలభై నాలుగు మెట్లు ఎక్కించి, పక్క బెంచీలో ఉన్న ఒక్కగానొక్క స్నేహితురాలి నుంచి విడదీసి, 'నీకు చదువు రాదు' అని ముద్ర వేసి కూర్చోబెడతారట! నాకు ఒళ్ళు మండదా?

నువ్వు నాలుగింటికే బేకరీకి వెళ్ళిపోతావు. బావ లారీ దిగేది ఆదివారం. ఆ పిల్ల పొద్దున ఎలా ఉంటుందో ఈ ఇంట్లో చూసేది నేనొక్కదాన్నే. ఆరింటికి లేచేసరికి వేళ్ళు తుప్పు పట్టిన గొళ్ళెంలా బిగుసుకుని ఉంటాయి. ఇదే బేసిన్‌లో, ఇలాగే గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు పెడితే గానీ పిడికిలి ముడుచుకోదు. చొక్కా గుండీలు నేనే పెట్టాలి. పెడుతుంటే నా జుట్టులో తెల్ల వెంట్రుకలు లెక్కపెడుతుంది, నొప్పి మర్చిపోవడానికి. నాకు తెల్ల వెంట్రుకలు లేవు అక్కా! ఉన్నాయంటుంది, ఏడు!

మధ్యాహ్నానికి అదే పిల్ల లేడి. ఆ జబ్బు లక్షణమే అంత, కదిలిన కొద్దీ కీళ్ళు సడలుతాయి, కూర్చున్న కొద్దీ బిగుస్తాయి. డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడు! జువెనైల్ ఆర్థ్రైటిస్, పిల్లలకి వచ్చే కీళ్ళ వాపు అని స్పష్టంగా రాసిచ్చాడు కూడా. ఆ కాగితం బడి ఆఫీసులో ఏ ఫైల్లో గుర్రు పెట్టి నిద్రపోతోందో. వాళ్ళ క్లాస్ టీచర్, ఆ లెక్కల మాస్టారు, ఏమన్నాడో తెలుసా నాతో? 'మా అమ్మకి డెబ్బై రెండేళ్ళండీ, ఆవిడకున్నాయి కీళ్ళ నొప్పులు. పదకొండేళ్ళ పిల్లకేంటండీ? రెండింటికి గ్రౌండులో పరిగెత్తే మనిషి ఎనిమిదింటికి పెన్ను పట్టుకోలేదా?'

మనిషి! పదకొండేళ్ళ పిల్లని పట్టుకుని మనిషి అంటాడు, పోలీసు రిపోర్టులోలాగా.

అదీ కాక, ఆయన క్లాసులోకి రాగానే అందరూ లేచి నిలబడాలి. మన పిల్ల లేచేసరికి మిగతా వాళ్ళంతా కూర్చుంటారు. దానికి బోర్డు మూల పేరు రాయించాడు. పొగరట!

అందుకని నేను తయారయ్యాను. మీటింగు ఇవాళ పదింటికి కదా. మా ప్రింటింగ్ షాపులో పసుపు కాగితం మీద పద్నాలుగు డిమాండ్లు అచ్చు వేశాను. పైన పెద్ద అక్షరాల్లో: 'మా గురించి, మేము లేకుండా, ఏ నిర్ణయమూ వద్దు.' అదిరింది కదా? వికలాంగుల ఉద్యమాల్లోంచి తెచ్చిన నినాదం. నాలుగోది, సెక్షన్ మార్పు రద్దు. ఆరోది, మొదటి పీరియడ్ పరీక్షలు మధ్యాహ్నానికి మార్చాలి. తొమ్మిదోది, బడి యాజమాన్యం బహిరంగ క్షమాపణ. పన్నెండోది, లిఫ్టు.

ఎందుకు నవ్వుతావు? లిఫ్టు అడగడంలో తప్పేముంది?

ఆస్పత్రిలో దానికి వ్యాయామాలు చేయించే ఆవిడ చెప్పింది కదా, 'బడిలో ఏం కావాలో ఇక పాప నోటితోనే చెప్పించండి, ఎన్నాళ్ళని వెంట తిరుగుతారు' అని. అందుకే మన బుడంకాయకి కూడా మూడు రోజులు తర్ఫీదు ఇచ్చాను, పొద్దున్నే, చేతులు బేసిన్‌లో ఉండగా. తప్పించుకోలేదు కదా అప్పుడయితే.

'పిన్నీ, వ్యవస్థాగత నిర్లక్ష్యం అంటే ఏంటి?' అంది.

'అంటే ఒక్క మనిషి తప్పు కాదమ్మా. మొత్తం అందరిదీ' అన్నాను.

'మరి మాస్టారినొక్కరినే ఎందుకు తిడుతున్నాం?'

చూడు అసలు! ఎవరి పోలిక అది? నాదే.

'నాకు మూడే కావాలి పిన్నీ' అంది.

'పిచ్చిదానా, పద్నాలుగు అడిగితేనే మూడు ఇస్తారు. మూడు అడిగితే సున్నా.'

'ఎప్పుడైనా మూడు అడిగి చూశావా?'

నేను టవల్ కోసం లోపలికి వెళ్ళాను.

ఇక మీటింగు. హెడ్‌మేడమ్ గది చూశావా నువ్వు? అద్దం పరిచిన బల్ల, అద్దం కింద పాత టైంటేబుళ్ళు, ఒక పక్కకి ఒరిగిపోయిన గ్లోబు. బల్లకి ఒకవైపు ఆవిడ, ఆవిడ పక్కన లెక్కల మాస్టారు. ఇటు నేనూ, పిల్లా. దాని కాళ్ళు నేలకి అందవు కదా, ఊపుతూ కూర్చుంది. మాస్టారు ఆ కాళ్ళ వంక చూస్తున్నాడు, ఇదేం మర్యాద అన్నట్టు. అది మర్యాద కాదయ్యా, మోకాళ్ళు బిగుసుకోకుండా వైద్యం అని అప్పుడే అనబోయాను. క్రమశిక్షణ కోసం ఆగాను.

లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాను. కంఠం బ్రహ్మాండంగా పలికింది అక్కా. నాలుగో డిమాండు దగ్గర హెడ్‌మేడమ్ కళ్ళజోడు తీసింది. 'కూర్చోండమ్మా. ముందు పాప ఏమంటుందో విందాం' అంది.

'పాప తరఫున నేను మాట్లాడుతున్నాను' అన్నాను.

ఆవిడ ఆ పసుపు కాగితం నా చేతిలోంచి తీసుకుంది. పై లైను తాపీగా చదివింది. 'మా గురించి, మేము లేకుండా, ఏ నిర్ణయమూ వద్దు.' చదివి, నా వంక చూసి, 'ఇందులో మేము అంటే ఎవరండీ?' అంది.

అదిగో, అక్కడ గొంతు పెంచాను.

ఎంత పెంచానా? బయట పీటీ చేస్తున్న పిల్లలు ఆగిపోయారట. తర్వాత తెలిసింది. సరే, కాస్త ఎక్కువే పెంచానేమో. కానీ ఆ ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు, ఏం చెయ్యను?

అప్పుడు మాస్టారు సంచీలోంచి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి మన బుడంకాయ పరీక్ష పేపరు. నాలుగు లెక్కలు, అవీ కోడి గెలికినట్టు. మిగతాదంతా తెలుపు. రెండోది దాని లెక్కల నోటుబుక్కు. మొదటి పీరియడ్ నోట్సు, నాలుగు నెలలది, ఒక్క లైను పోకుండా, ముత్యాల్లా ఉంది. 'ఇది కూడా పొద్దున ఎనిమిదింటికి నా క్లాసులో రాసిందేనండీ. నోట్సు రాసే చెయ్యి పరీక్షకి మాత్రం బిగుసుకుంటుందా?' అన్నాడు.

నాకు దగ్గొచ్చింది.

ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది కదా దగ్గు. అడిగి రాదు.

పిల్ల నా వంక చూసింది. నేను గ్లోబు వంక చూశాను. అప్పుడు ఏమందో తెలుసా నీ కూతురు? చాలా మర్యాదగా, పెద్దవాళ్ళు పెళ్ళిచూపుల్లో మాట్లాడినట్టు, 'పిన్నీ, నువ్వు కాసేపు బయట కూర్చుంటావా?' అంది.

నన్ను! పద్నాలుగు డిమాండ్లు అచ్చు వేసినదాన్ని!

బయట ఒకటో తరగతి పిల్లల బెంచీ ఉంది. దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఉద్యమ నాయకత్వానికి పట్టిన గతి చూడు. అదృష్టం ఏమిటంటే ఆ గది తలుపు పూర్తిగా పడదు. జానెడు సందు. తొంగి చూడలేదు, ఊరికే ఆ వైపు కూర్చున్నాను.

లోపల ముందు ఆ నోట్సు సంగతి ఏదో చెప్పిందిలే. అది వదిలెయ్. తర్వాతది విను, అసలు సంగతి అదీ.

సంచీలోంచి ఒక గ్రాఫు కాగితం తీసింది. నాకు చెప్పలేదు, నీకు చెప్పిందా? నీకూ లేదా! మహా గుండె దానిది. పది రోజులు, బడి ఉన్న ప్రతి రోజూ, ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, అదే పాఠం, అయిదు నిమిషాలు రాసింది. పక్క బెంచీ పిల్ల గోడ గడియారం చూసి 'ఆపు' అనేదట. రాసిన మాటలు లెక్కపెట్టి, రోజుకో గీతగా గ్రాఫు గీసింది. అడ్డంగా గంటలు, నిలువుగా మాటలు. ఎనిమిదింటికి సగటున తొమ్మిది మాటలు. పదింటికి ఇరవై ఒకటి. పన్నెండింటికి ముప్పై ఎనిమిది. రెండింటికి నలభై ఏడు. ఆ రాసిన కాగితాలు కూడా కింద పిన్ను కొట్టి పెట్టింది, పొద్దుటి కోడి గెలుకుడు నుంచి మధ్యాహ్నపు ముత్యాల దాకా.

'మాస్టారూ, ఈ నెల మీరు గ్రాఫులు చెప్పారు కదా. నేను అబద్ధం చెప్తున్నానో లేదో మాటల్లో చెప్పడం నాకు రాలేదు. అందుకని గీశాను' అంది.

నేను సందు దగ్గరికి... అదే, బెంచీ కాస్త జరుపుకున్నాను. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ కాగితం ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకున్నాడు. ఎంతసేపో. చివరికి ఏమన్నాడో తెలుసా?

'స్కేలు ఎక్కడ?'

'ఏంటండీ?'

'నిలువు గీత మీద ఒక గడి అంటే ఎన్ని మాటలు? స్కేలు రాయలేదు. అర మార్కు కట్.'

నాకు లోపలికి దూకాలనిపించింది. కానీ అది నవ్వింది అక్కా. 'రాస్తాను మాస్టారూ, మధ్యాహ్నం' అంది. ఆయనకి కూడా నవ్వొచ్చింది. దాచుకున్నాడు గానీ మీసం కదిలింది, నేను చూశాను.

మళ్ళీ అడిగాడు, 'సోమవారాలు రెండూ అన్ని గంటలూ తక్కువే ఉన్నాయేం?'

'ఆదివారం ఇంజెక్షన్ కదండీ. మర్నాడంతా కడుపులో తిప్పుతుంది.'

'ఎన్నాళ్ళు వేసుకోవాలి?'

'వారానికొకటి. ఎన్నాళ్ళో డాక్టరు ఇంకా చెప్పలేదు.'

ఆయన గ్రాఫుని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకోబోయి, 'ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా?' అని అడిగాడు. మన పిల్లని అడిగాడు! అండీ అనలేదనుకో, కానీ అడిగాడు.

ఇక తన మూడూ చెప్పింది. వేళ్ళు మడిచి కూడా కాదు, అలవాటుగా, కూరగాయల కొట్లో చెప్పినట్టు చెప్పింది. మొదటి పీరియడ్ పరీక్ష పెడితే తనకి రెండింటి తర్వాత పెట్టాలి. ఒప్పుకున్నారు. మాస్టారు వచ్చినప్పుడు లేవలేకపోతే బోర్డు మూల పేరు రాయకూడదు. దానికి ఆయన బేరమాడాడు చూడు! 'పోనీ రాగానే లేవలేవు. నేను వెళ్ళేటప్పుడైనా లేవచ్చు కదా, అప్పటికి కీళ్ళు సర్దుకుంటాయి?'

'అప్పటికి ఇంకా బిగుస్తాయండీ, కూర్చుని కూర్చుని. మధ్యలో బోర్డు తుడిచే పని నాకివ్వండి. అందరి ముందూ ఊరికే లేచి నడిస్తే నవ్వుతారు. బోర్డు తుడిస్తే ఎవరూ నవ్వరు.'

చూశావా! నా పద్నాలుగింటిలో ఎక్కడైనా ఉందా బోర్డు తుడవడం? గౌరవం గురించి రెండు పేరాలు రాశాను. డస్టర్ గురించి ఒక్క ముక్క లేదు.

మూడోదా? క్లాసుకి తన జబ్బు గురించి తనే చెప్తుందట. మాస్టారు చెప్పకూడదు. ముఖ్యంగా 'పాపం' అనకూడదు. 'మా పిన్ని చెప్పినా ఒప్పుకోను' అంది. ఆ మాట కాస్త గట్టిగానే అంది, తలుపు వైపు తిరిగి.

సెక్షన్ మార్చడం లేదు. అవును! అదే చెప్తున్నా! కింద క్లాసే, అదే బెంచీ, అదే స్నేహితురాలు. హెడ్‌మేడమ్ ఆ ఉత్తరం కాపీ మా ఎదురుగానే చింపేసింది. నన్ను అప్పటికి లోపలికి పిలిచారులే.

ఏడవకు. నీళ్ళలో పడుతున్నాయి. ఇంద, టవల్. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తాను, అప్పుడు దానికి తెల్ల వెంట్రుకలు ఎనిమిది కనిపిస్తాయి.

మొన్న మధ్యాహ్నం ఇంటర్వెల్‌లోనే క్లాసుకి చెప్పేద్దామనుకుందట, ధైర్యం చాలలేదట. ఇవాళ మీటింగు అవగానే చెప్పేసింది. ఎవరో 'అంటుకుంటుందా?' అని అడిగితే 'బోర్డు తుడిచే పని అంటుకుంటుంది, జాగ్రత్త' అందట. క్లాసంతా నవ్వు.

ఏంటి?

ఏ నోట్సు?

ఓ. ఆ నోట్సా. వదిలెయ్ అన్నాను కదా. నువ్వు ఏదీ వదలవు. చిన్నప్పుడూ అంతే.

నీళ్ళు చల్లారాయి, మార్చనా? వద్దా? కూర్చోమంటావా? సరే. కూర్చున్నాను.

అక్కా, దానికి అక్షరాలు దిద్దించింది నేను. నువ్వే అనేదానివి, ఇద్దరి తలకట్టూ ఒకేలా ఉంటుందని, ఏది ఎవరు రాశారో తెలీదని. పొద్దున క్లాసులో పాపం సగం కూడా రాయలేకపోయేది. సాయంత్రం స్నేహితురాలి పుస్తకం తెచ్చుకుని ఆ ఖాళీలు నింపడానికి కూర్చునేది. అప్పటికి అలిసిపోయి ఉండేది. ఒకరోజు పెన్ను పట్టుకునే నిద్రపోయింది. ఆ ఒక్క పేజీ నేను పూర్తి చేశాను. మర్నాడు ఇంకో పేజీ. ఒక్క లైను ఖాళీ వదిలినా దాన్ని తిడతారని.

నాలుగు నెలలు.

అది వద్దనేది. 'పిన్నీ, మాస్టారు నేను పొద్దున రాయగలననుకుంటారు' అనేది. నేనేమో, 'అన్యాయమైన వ్యవస్థకి నిజాయితీ బాకీ లేం' అనేదాన్ని. ఎక్కడో చదివానులే. ఎక్కడ చదివానో మర్చిపోయాను.

అంటే చూడు. ఆ పిల్ల చెయ్యి నొప్పి అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మకపోవడానికి కారణం వ్యవస్థ కాదు. నా చేతిరాత. దాని దగ్గర ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ ఖాళీ పేజీలు. వాటిని రోజూ కూర్చుని, నాలిక బయటపెట్టి మరీ, శుభ్రంగా నింపేశాను నేను.

లోపల అది ముందు చెప్పింది అదే. 'మొదటి పీరియడ్ నోట్సు నాది కాదండీ. మా పిన్నిది. ఆవిడని ఏమీ అనకండి, మంచిదే, కాస్త తొందరెక్కువ.' ఆ బెంచీ మీద కూర్చుని విన్నాను. నా జీవితంలో నా గురించి ఎవరూ అంత క్లుప్తంగా చెప్పలేదు.

హెడ్‌మేడమ్ నీకు ఫోన్‌లో మొత్తం చెప్పేస్తానంది. 'వద్దు మేడమ్, మా పిన్నే చెప్తుంది, సాయంత్రం దాకా టైమివ్వండి' అంది ఇది. నాకు టైమిప్పించింది! పొద్దున నేను గుండీలు పెట్టిన పిల్ల!

ఇదిగో ఆ పసుపు కాగితం. వెనక దాని మూడూ రాసింది, పదిన్నరప్పటి చేతిరాత, మరీ గెలుకుడూ కాదు, మరీ ముత్యాలూ కాదు. ముందు వైపు నా పద్నాలుగూ ఉన్నాయి. వాటి పక్కన ఏమీ లేదు. కింద పెన్నుతో ఇది చూడు. 'పదిహేను. పిన్ని నా బదులు రాయకూడదు.' దీని పక్కన మాత్రం గుండ్రటి స్టాంపు కొట్టి ఇచ్చింది ఆ హెడ్‌మేడమ్ మహాతల్లి.

నవ్వు, నవ్వు. హాయిగా నవ్వు. ఇన్ని పుస్తకాలు చదివి, ఇన్ని పోస్టర్లు అచ్చు వేసి, నేను నోరు మూసుకుని బెంచీ మీద కూర్చున్న పావుగంటలోనే అసలు పని జరిగింది. ఏం చేస్తాం.

ఇక్కడ తల్లి సంతకం కావాలట. రేపు ఇవ్వాలి. ఇంద పెన్ను.

కాదు, నువ్వే పెట్టు. నేను పెట్టగలను, అచ్చం నీలాగే వస్తుంది, చివర ఆ మెలికతో సహా, కానీ...

అబ్బా. అలా చూడకు అక్కా. రెండుసార్లే.